సముద్రం బొమ్మ కొని మన ఊరి గోడకు పెట్టుకోవాలంటే

తిరుపతిలో మాది పటాలు కట్టే షాపు. నాన్న కాలం నుంచీ మా బల్ల మీదికి వచ్చేవాటిలో స్వామివారి పటాలే ఎక్కువ, ఆ తర్వాత పెళ్లి ఫోటోలు, పెద్దవాళ్ల ఫోటోలు. ఈమధ్య ఆయిల్ పెయింటింగులు కూడా బాగా వస్తున్నాయి, అందులోనూ సముద్రం బొమ్మలు. తూపిలిపాళెం బీచ్‌కో మైపాడుకో పోయినవాళ్లు అక్కడ బొమ్మలు వేసే ఆయన దగ్గర ఒకటి కొనుక్కొస్తారు. కొందరు చెన్నై నుంచో వైజాగ్ నుంచో తెస్తారు. తెచ్చి బల్ల మీద పెట్టగానే "అన్నా, మంచి గ్లాసు వేసి ఫ్రేము కట్టు" అంటారు. గ్లాసు వద్దని చెప్పడంతో మా మాటలు మొదలవుతాయి. ఎక్కడ కొన్నారు, బొమ్మ ఎప్పుడు పూర్తయింది, ఇంట్లో ఏ గోడకు పెడతారు, ఇలా ఒక్కొక్కటే అడుగుతాను. ఇవన్నీ కొనకముందే తెలిసుంటే వాళ్లకు మేలు కదా అని ఇది రాస్తున్నాను.

ముందు అది చేత్తో వేసిందేనా అన్నది తేల్చుకోవాలి. కాన్వాస్ మీద ప్రింటు తీసి, పైన పారదర్శకంగా ఉండే జెల్‌ను బ్రష్‌తో పూసి, "ఒరిజినల్" అని అమ్మేవి బజార్లో ఉన్నాయి. ఆయిల్ బొమ్మను అచ్చు వేసి ఇంటింటికీ చేర్చడం మనకు కొత్తేమీ కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మీ సరస్వతుల బొమ్మలను ఓలియోగ్రాఫులుగా, అంటే ఆయిల్ పెయింటింగులా కనబడే రంగు ప్రింట్లుగా, అచ్చు వేయించబట్టే వాళ్లు మామూలు ఇళ్ల గోడల మీదికి వచ్చారు. ప్రింటును ప్రింటని చెప్పి అమ్మితే తప్పు లేదు. చేత్తో వేసిన బొమ్మ ధర పెట్టి ప్రింటు తెచ్చుకున్నవాళ్లను చూస్తేనే నాకు బాధేస్తుంది.

దీనికి ఫోన్ టార్చ్ చాలు. బొమ్మను గోడకు ఆనించి, టార్చ్‌ను ఎదురుగా కాకుండా పక్క నుంచి, కాన్వాస్‌కు దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టి వెలుతురు ఏటవాలుగా పారనివ్వండి. ఇప్పుడు అల విరిగి నురుగు లేచే చోట చూడండి. చేత్తో వేసినదైతే తెల్లరంగు అక్కడ మందంగా, చిన్న గట్టులా లేచి ఉంటుంది. గట్టు ఎక్కడ ఆగిందో తెలుపు కూడా అక్కడే ఆగుతుంది. బ్రష్ వెంట్రుకల జాడలు దాని మీద సన్నటి చారలుగా కనబడతాయి. కొన్నిచోట్ల తెలుపు వేసేటప్పటికి కింద రంగు ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి, ఆ గీత పోయేకొద్దీ కింది రంగును కలుపుకుని చివర్లో కొంచెం ఆకుపచ్చకు తిరుగుతుంది. జెల్ పూసిన ప్రింటులో ఇది జరగదు. గట్టు ఒక దారిన పోతుంది, రంగు ఒక దారిన పోతుంది. నురుగు మీద మొదలైన జెల్ గీత పక్కనున్న నీలం మీదికి పాకినా కింద రంగులో ఏ మార్పూ ఉండదు. ఇంకా అనుమానంగా ఉంటే భూతద్దం పెట్టి ఆకాశం వైపు చూడండి. ప్రింటైతే సన్నటి రంగు చుక్కలు బయటపడతాయి.

తర్వాత బొమ్మను వెనక్కి తిప్పండి. అమ్మేవాళ్లు తిప్పనివ్వకపోతే అక్కడే ఆగిపోవడం మంచిది. వెనక చెక్క చట్రం, దాని మూలల్లో బిగించిన చిన్న చెక్క ముక్కలు, అంచుల మీదికి జారిన రంగు, పెన్సిల్‌తో రాసిన పేరు, సంవత్సరం, ఇవన్నీ అది ఒక మనిషి చేతిలో తయారైందని చెప్పే గుర్తులు. కొత్త బొమ్మైతే దగ్గరికి వెళ్లగానే అవిసె నూనె వాసన కూడా తగులుతుంది. నీళ్లతో కలిపి వాడే అక్రిలిక్ రంగులతో వేస్తే ఆ వాసన ఉండదు. అక్రిలిక్ తక్కువ రకమేం కాదు, కానీ ఆయిల్ అని చెప్పి అమ్ముతుంటే మాత్రం అడగాల్సిందే.

మన సముద్రమేనా?

తీరంలో ఉండే మనిషి దగ్గర కొంటున్నామంటే ఆయన రోజూ చూసే సముద్రం కోసమే కదా. మరి బొమ్మలో ఆ సముద్రం ఉందో లేదో చూడాలి. మనది తూర్పు తీరం. పొద్దు నీళ్లలోంచి లేస్తుంది, సాయంత్రం మన వీపు వెనక సరుగుడు తోపుల్లో గుంకుతుంది. తూపిలిపాళెం అని పేరు పెట్టి, సూర్యాస్తమయం అని చెప్పి, ఎర్రటి సూర్యుణ్ణి అలల మీద కూర్చోబెట్టారంటే ఆ బొమ్మను ఒడ్డున కూర్చుని వేయలేదు, ఏ ఫోటోనో చూసి వేసుంటారు. పున్నమి నాడు మాత్రం పొద్దుగూకే వేళకే చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి సాయంత్రం నీళ్ల మీద చంద్రుడుంటే అది నిజమే. పులికాట్ సరస్సు సంగతి వేరు. దానికీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా ఉంటుంది. ఆ దీవి వైపు నిలబడి పడమరకు చూస్తే నీళ్ల మీద పొద్దు గుంకడం కనిపిస్తుంది. కానీ అక్కడ ఉప్పు నీరు లోతు లేకుండా నిలకడగా ఉంటుంది, చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, ఒడ్డున విరిగే పెద్ద అలలుండవు.

పొద్దున పూట బొమ్మైతే వెలుతురు అల వెనక నుంచి వస్తుంది. అల పైకి లేచి ముందుకు వంగేటప్పుడు దాని పై అంచు పలచబడి, లేత అరిటాకు వెనక ఎండ పడ్డట్టు ఆకుపచ్చగా వెలుగుతుంది. కింద భాగం మందం కాబట్టి చీకటిగా ఉంటుంది. మన వైపున్న నురుగు నీడలో పడుతుంది, అందుకని అది తెల్లగా ఉండదు, బూడిదనీలంగానో కొంచెం ఊదాగానో ఉంటుంది. ఎండ నేరుగా తగిలే అంచు ఒక్కటే తెలుపు. చూసి వేసిన మనిషి తెల్లరంగును చాలా పొదుపుగా వాడతాడు. నురుగంతా ఒకే తెలుపు పూసిన బొమ్మ దూరం నుంచి మెరుస్తుంది కానీ, గోడకు పెట్టి పది రోజులు చూస్తే దానిలో చూడటానికి ఇంకేమీ మిగలదు.

నీటి రంగు కూడా గమనించండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు ఏరుల నీళ్లు వచ్చి కలిసి, ఒడ్డు దగ్గర సముద్రం మట్టిరంగులో ఉంటుంది. ఆ బురద నీళ్లను, బరువైన మబ్బును ధైర్యంగా వేసిన బొమ్మ కనబడితే నేను దాన్నే ఎంచుకోమంటాను. నీలం సముద్రం అందరూ వేస్తారు. పడవలు చూడండి, ఇప్పుడు ఒడ్డున ఎక్కువగా ఉండేవి ఫైబర్ పడవలు, వాటి మీద రంగు చారలు, పక్కన వలల కుప్పలు. వాటిని వదిలేసి తెరచాప ఓడలు పెడితే అది ఇంకెక్కడి సముద్రమో.

మా దగ్గర పటాలు కట్టించుకునే ఒక పెద్దాయన వాకాడు వైపు తీరంలో ఉంటారు. తెల్లవారుజామున చిన్న అట్ట ఒకటి ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుంటారు. పొద్దెక్కితే రంగులు మారిపోతాయి కాబట్టి అక్కడ గబగబా చిన్న బొమ్మ వేసుకుని, పెద్ద కాన్వాస్ ఇంటికొచ్చి వేస్తారు. "పెద్దది అమ్ముతాను కానీ నాయనా, చిన్నది ఇవ్వను, అది లేకపోతే రేపు నాకు ఆ రంగు గుర్తుండదు" అంటారు. అందుకే మీరు కొనేటప్పుడు అలాంటి చిన్న అట్టలు చూపించమని అడగండి. చూసి వేసే ఎవరి దగ్గరైనా అవి ఉంటాయి, అడిగితే సంతోషంగా తీసి చూపిస్తారు. ఆయన అట్టల మీద రంగులో ఇసుక రేణువులు అంటుకుని ఉంటాయి. బీచ్‌లోనే పూర్తయిన బొమ్మ మీకు దొరికి, దానిలో అలాంటి ఇసుక కనబడితే మురికి అనుకుని గోరుతో గీకొద్దు.

చిత్రకారుణ్ణి అడగాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ ఎప్పుడు పూర్తయిందో అడగాలి. ఆయిల్ రంగు నీళ్లు ఆవిరైనట్టు ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది. పలచగా వేసిన ఆకాశం కొన్ని రోజులకే చేతికి అంటదు. నురుగు మీది మందపు తెలుపు పైన పొర కట్టినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాలని చెప్పేది అందుకే. ముందే వేస్తే పైన బిగుసుకున్న పొర, కింద కదులుతున్న రంగు కలిసి పగుళ్లు వస్తాయి. కాబట్టి బొమ్మ పోయిన వారమే పూర్తయిందంటే, అడ్వాన్స్ ఇచ్చి ఆయన దగ్గరే ఉంచి రావడం మంచిది. తీసుకుపోవాలనే ఉంటే వార్నిష్ లేకుండానే తెచ్చుకుని, ఏడాదికి ఆయన చేతే వేయించుకోండి. మెరుపు చాలడం లేదని ఫర్నిచర్ పాలిష్ వేసేవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు. ఆ వార్నిష్ పసుపెక్కుతుంది, తీయాలంటే రంగు కూడా ఊడొస్తుంది.

ఏ రంగులు వాడారో కూడా అడగండి. విద్యార్థులు వాడే రకంలో రంగుపొడి తక్కువ, కలిపేది ఎక్కువ. ఆర్టిస్ట్ రకం ట్యూబుల మీద రంగుపొడి కోడ్ ఉంటుంది. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్, పీబీ 15 అంటే థాలో బ్లూ, రెండూ ఎండకు నిలిచే నీలాలే. తెలుపుకు టైటానియం వైట్, అంటే పీడబ్ల్యూ 6 ఉంటే మంచిది. జింక్ వైట్ ఒక్కటే మందంగా వాడితే కాలం గడిచేకొద్దీ పెళుసుబారి పొరలుగా లేస్తుంది. సముద్రం బొమ్మలో మందంగా ఉండేదే తెలుపు కాబట్టి ఈ ప్రశ్న తప్పక అడగాలి. మంచి చిత్రకారులకు ఇలా అడగడం తప్పుగా అనిపించదు, పైగా ఈయనకు బొమ్మ మీద శ్రద్ధ ఉందని గౌరవిస్తారు.

ధర విషయంలో నా మాట ఒకటే. కొండ కింద బొమ్మల షాపుల్లో బేరమాడినట్టు ఇక్కడ ఆడొద్దు. చాలామంది చదరపు అంగుళానికి ఇంత అని లెక్క పెట్టుకుంటారు. మీ బడ్జెట్ చాలకపోతే ధర తగ్గించమనే బదులు చిన్న సైజు బొమ్మ అడగండి. చిన్న కాన్వాస్ మీద కూడా సముద్రం పడుతుంది. డబ్బిచ్చాక బిల్లు మీద బొమ్మ పేరు, సైజు, "కాన్వాస్ మీద ఆయిల్" అన్న మాట, సంవత్సరం రాయించి సంతకం చేయించుకోండి. ఇంకో సంగతి, బొమ్మ కొన్నంత మాత్రాన దాని కాపీరైట్ మీకు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది వేసినవాళ్లదే. దాన్ని ఫోటో తీసి శుభలేఖ మీదో క్యాలెండర్ మీదో అచ్చు వేయించాలంటే వాళ్ల అనుమతి కావాలి. మీరే చెప్పి, డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు మీదవుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఇద్దరూ ఈ మాట మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇంటికి తేవడం, ఫ్రేము కట్టించడం

బొమ్మ ముఖానికి న్యూస్‌పేపర్ తగలనివ్వొద్దు, సిరా అంటుకుంటుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే ఎండకు ఆ బుడగల గుర్తులు రంగు మీద పడతాయి. ముందు బటర్ పేపర్ కప్పి, నాలుగు మూలలకూ మందపాటి అట్ట మడిచి తొడిగి, ఆ పైన అట్ట, ఆ పైన బబుల్ ర్యాప్. అట్టకూ ముఖానికీ మధ్య ఖాళీ ఉండాలి. చట్రం విప్పి చుట్టి తేవాల్సి వస్తే రంగున్న వైపు బయటికి ఉండేలా లావుపాటి గొట్టానికి చుట్టాలి. లోపలికి చుడితే రంగు నలిగి పగులుతుంది. ఇక దారిలో నాయుడుపేటలో టిఫిన్‌కో శ్రీకాళహస్తిలో దర్శనానికో ఆగినప్పుడు బొమ్మను ఎండలో నిలిపిన కారులో వదిలి పోవద్దు. మే నెలలో మూసిన కారు లోపలి వేడికి మందపు రంగు మెత్తబడి కప్పిన కాగితం దానికి అతుక్కుంటుంది. అతుక్కుపోయిందా, లాగొద్దు. అలాగే తీసుకొచ్చి నీడలో చల్లబడనివ్వండి.

ఇప్పుడు గ్లాసు సంగతి. స్వామివారి పటం కాగితం, దానికి గ్లాసు కావాలి. ఆయిల్ బొమ్మకు గాలి కావాలి. గ్లాసు ఆనించి బిగిస్తే లేచి ఉన్న నురుగు అణిగిపోతుంది, తేమ లోపల నిలుస్తుంది, పైగా మీరు సముద్రం బదులు ఎదురింటి కిటికీని చూస్తూ కూర్చుంటారు. ఫ్రేముకూ కాన్వాస్ అంచుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచి కట్టమనండి. కాన్వాస్ చట్రంలోకి మేకులు దిగగొట్టకుండా వెనక రేకు పట్టీలతో బిగించమనండి. పట్టుగా ఉండదేమో అనిపిస్తుంది కానీ ఉంటుంది. దేవుడి పటాలకు వేసే పూల చెక్కుడు బంగారు బీడింగ్ సముద్రానికి వద్దు, కళ్లు దాని మీదికే పోతాయి. సన్నటి టేకు చట్రం, లేదా ఇసుక రంగు వేసిన చెక్క సరిపోతుంది. వెనకవైపు అట్టతో మూయించండి, గాలి ఆడటానికి రెండు రంధ్రాలు పెట్టి వాటికి సన్నటి వల అంటించాలి. లేకపోతే బల్లులు కాన్వాస్ వెనక చేరి గుడ్లు పెడతాయి. పాత ఫ్రేములు విప్పినప్పుడల్లా మేము చూసేది అదే.

గోడ, ఎత్తు, వెలుతురు

బయటి గోడకు, ముఖ్యంగా పడమటి గోడకు పెట్టకపోవడమే మేలు. వేసవిలో మధ్యాహ్నమంతా ఆ గోడ కాగుతుంది, నవంబర్ వానలకు అదే గోడ చెమ్మగిల్లుతుంది. రెండు గదుల మధ్య గోడ మంచిది. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు కార్క్ ముక్కలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది, చెదలు పట్టినా ముందే కంటపడుతుంది. పూజ గదికి, వంటింటికి దూరంగా ఉంచండి. దీపం మసి, సాంబ్రాణి పొగ, తాలింపు ఆవిరి, మూడూ కలిస్తే ఆకాశం రెండు మూడేళ్లలో పొగచూరుతుంది.

ఎత్తు విషయంలో మాత్రం సముద్రం బొమ్మకు ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మామూలుగా బొమ్మ నడిమధ్య కంటి ఎత్తులో ఉండేలా పెడతారు. సముద్రం బొమ్మకు మధ్యను వదిలేసి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను కంటి ఎత్తులో పెట్టండి. ఒడ్డున మనం ఎక్కడ నిలబడినా, కూర్చున్నా ఆ గీత మన కంటి ఎత్తులోనే ఉంటుంది. గోడ మీద కూడా అలాగే ఉంటే బొమ్మ ముందు నిలబడగానే ఒడ్డున ఉన్నట్టే ఉంటుంది. హాల్లో సోఫాలో కూర్చుని చూసేదైతే ఆ గీత నేల నుంచి నాలుగడుగుల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా రావాలి, వరండాలో నిలబడి చూసేదైతే ఐదడుగులు. మనవాళ్లు అన్నీ తలుపు ద్వారబంధం కంటే పైన, దేవుడి పటాల వరుసలో కొట్టేస్తారు. అక్కడ పెడితే సముద్రం తల మీదికి ఒరిగినట్టు ఉంటుంది. మేకు కొట్టే ముందు ఇంట్లోవాళ్లను ఒకరిని బొమ్మ పట్టుకోమని, మీరు కూర్చుని చూసి, పైకీ కిందికీ జరిపించి నిర్ణయించుకోండి. రసమట్టం పెట్టేటప్పుడు ఫ్రేము అంచుకు కాకుండా ఆ గీతకు సరిపోయేలా చూసుకోండి. గీత వెంట్రుకవాసి వంగినా నీళ్లు ఒక పక్కకు కారుతున్నట్టు కనబడుతుంది.

కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడకు పెడితే వెలుతురు ఏటవాలుగా పడి నురుగు గట్లు తేలతాయి. నేరుగా ఎండ మాత్రం తగలొద్దు. రాత్రికి చిన్న వార్మ్ ఎల్‌ఈడీ చాలు, హాలోజన్ వేడి ఎక్కువ.

దుమ్ము దులపడానికి పొడి మెత్తటి వెడల్పు బ్రష్ ఒకటి దీనికోసమే ఉంచుకోండి, పైనుంచి కిందికి ఒత్తకుండా దులపండి. సంక్రాంతికి ఇల్లు కడిగేటప్పుడు తడిగుడ్డ దాని దగ్గరికి పోనివ్వొద్దు. గ్లాసు తుడిచే స్ప్రేలు వద్దు, మెరుస్తుందని కొబ్బరినూనె రాయడం అసలే వద్దు, అది ఎప్పటికీ ఆరదు, దుమ్మంతా దానికే పడుతుంది. వానాకాలంలో కాన్వాస్ కొంచెం వదులైతే కంగారుపడి బిగించొద్దు, ఎండలు రాగానే చాలావరకు అదే బిగుస్తుంది. ఇల్లు మారేటప్పుడు బొమ్మను గుడ్డ చుట్టి అటక మీద పడేసేవాళ్లున్నారు. శ్లాబు కింద వేడి ఒకటి, చీకటి ఒకటి. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. అలా అయినదాన్ని మళ్లీ వెలుతురున్న గదిలో, ఎండ తగలకుండా కొన్ని వారాలు ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది.

ఎక్కడైనా రంగు పెచ్చు లేస్తే ఫెవికాల్‌తో అంటించే ప్రయత్నం చేయొద్దు. బొమ్మను గోడ నుంచి దింపి, ముఖం పైకి ఉండేలా బల్ల మీద పరిచి, రాలిన ముక్కలను ఒక్కటి కూడా పారేయకుండా కాగితం కవర్‌లో వేయండి. ఆ చోటుకు ఫోటో తీసి ముందు వేసిన ఆయనకే పంపండి. ఏ తెలుపు కింద ఏ ఆకుపచ్చ ఉందో ఆయనకు తెలుసు. అందుకే బిల్లు నకలు ఒకటి, ఆయన ఫోన్ నంబర్‌తో సహా, ఫ్రేము వెనక అట్టకు నేను ముందే అంటించి ఇస్తాను.